నారోబోట్ ఇంజన్ మొరాయిస్తే: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఇంగ్లండ్ కాలువల మీద నారోబోట్‌లో (ఇరుకు కాలువలకు తగ్గట్టు కట్టిన సన్నటి, పొడవాటి పడవలో) కాపురముంటున్నవాళ్లూ, అలా ఉండాలనుకుంటున్నవాళ్లూ రాసిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇంజన్ గురించే. ఈ పడవల్లో బిగించే డీజిల్ ఇంజన్లు మొండివి. అసలు ఇంజన్ చెడిపోవడం అరుదు. దానికి చేరే డీజిల్, చుట్టూ తిరిగే నీళ్లు, బెల్టు, కేబులు, వైర్లు, వీటిలోనే ఏదో ఒకటి చెడుతుంది. అందుకే ఈసారి సమాధానాలన్నీ వాటితోనే మొదలవుతాయి.

ప్రశ్న: 57 అడుగుల పాత పడవ కొన్నాం. ఇంజన్ బేటా 38. పొద్దున్నే మొదటి సెల్ఫ్‌కే అందుకుంటుంది. గంటసేపు నడిచాక స్పీడు తగ్గి, ఊగిసలాడి ఆగిపోతుంది. పావుగంట ఆగి సెల్ఫ్ కొడితే మళ్లీ మామూలుగా స్టార్టవుతుంది. ఇంజక్టర్లు మార్చాలని ఒక మెకానిక్ అన్నారు. మార్పించమంటారా?
పాఠకుడు, మిల్టన్ కీన్స్

జవాబు: ఇప్పుడే వద్దు. ఇంజక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే భాగాలు) పాడైతే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్టింగ్‌కు ఇబ్బంది పెడుతుంది, తెల్లపొగ వదులుతుంది. మీ ఇంజన్ పొద్దున్నే చక్కగా అందుకుంటోంది. నడిచి నడిచి ఆగిపోవడం, కాస్త విరామం ఇవ్వగానే తేరుకోవడం డీజిల్ సరిపడా అందడం లేదనడానికి గుర్తు.

మొదట పైసా ఖర్చులేని పరీక్ష చేయండి. ఈసారి ఆగిపోయిన వెంటనే డీజిల్ ట్యాంకు మూత తీయండి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వినిపిస్తే ట్యాంకుకు గాలి అందించే సన్న గొట్టం మూసుకుపోయినట్టే. దాని చివర ఉండే జాలీ మీద రంగు పడ్డా, సాలీడు గూడు కట్టినా ఇదే జరుగుతుంది. ఇంజన్ డీజిల్ లాగుతున్నకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి, చివరికి ట్యాంకు నుంచి డీజిల్ తెచ్చే లిఫ్ట్ పంపు లాగలేకపోతుంది. జాలీ శుభ్రం చేస్తే సరిపోతుంది.

చప్పుడు రాకపోతే ఫిల్టర్లు చూడాలి. సాధారణంగా రెండుంటాయి. ట్యాంకుకు దగ్గరగా నీళ్లను వేరుచేసే మొదటి ఫిల్టర్, ఇంజన్ మీద రెండోది. మొదటిదాని అడుగున ఉన్న డ్రెయిన్ మర విప్పి ఒక కప్పు డీజిల్ గాజు సీసాలోకి దించి గంటసేపు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగుకు చేరతాయి. నీటికీ డీజిల్‌కూ మధ్య నల్లటి జిగురు పొర కనిపిస్తే ట్యాంకులో సూక్ష్మజీవులు పెరుగుతున్నట్టు. పడవలవాళ్లు దీన్నే డీజిల్ బగ్ అంటారు. ఇప్పటి డీజిల్‌లో కొంత బయోడీజిల్ కలిసి ఉంటుంది. అది తేమను పీలుస్తుంది. ఆ తేమ ట్యాంకు అడుగున నీళ్లై నిలిస్తే, నీళ్లూ డీజిలూ కలిసే చోట ఈ జీవులు బతుకుతాయి. గంటసేపు నడిచేసరికి ఆ జిగురు ఫిల్టర్‌కు అంటుకుని దారి మూస్తుంది, ఇంజన్ ఆగగానే కొంత జారిపోయి దారి తెరుచుకుంటుంది. మీ ఇంజన్ తీరు దీనికి బాగా సరిపోతోంది.

జిగురు కొంచెమే ఉంటే, చేతిపంపుకు సన్న గొట్టం తగిలించి ట్యాంకులో అతి పల్లపు చోటు నుంచి (సాధారణంగా వెనక మూల) అడుగున ఉన్నదంతా తోడేయండి. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా తోడాలి. తర్వాత మెరైన్ 16, గ్రోటామార్ లాంటి మందు సీసా మీద రాసిన మోతాదులో కలపండి. ఆ జీవులు చచ్చాక వాటి మడ్డి ఫిల్టర్లలోకే వస్తుంది. అందుకే మందు వేసిన తర్వాత కొన్ని వారాలు రెండు రకాల ఫిల్టర్లూ తలా నాలుగైనా దగ్గర ఉండాలి. మందు వేశాక ఇంకా ఎక్కువ ఆగుతోందని చాలామంది బెంబేలెత్తి ఆపేస్తారు. ఆపొద్దు, ఫిల్టర్ మార్చి సాగండి. తోడినకొద్దీ నల్లగానే వస్తుంటే మాత్రం మందుతో పని జరగదు. డీజిల్‌ను మొత్తంగా వడకట్టి మళ్లీ పోసే సేవ తీసుకోవాలి. తోడిన మడ్డిని మూతబిగిసే డబ్బాలో పోసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే స్థానిక కౌన్సిల్ కేంద్రంలో ఇవ్వండి. ఒక్క చుక్క కూడా కాలువలో పడకూడదు.

ఫిల్టర్ మార్చాక ఎయిర్ తీయాలి. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. ట్యాంకు కాక్ మూసి, కింద ఐస్‌క్రీమ్ డబ్బా పెట్టి, ఫిల్టర్ నడిమి బోల్టు విప్పండి. పాత రబ్బరు రింగు పైమూతకే అతుక్కుని ఉండిపోతుంటుంది. చూడకుండా దాని మీదే కొత్తది వేస్తే అక్కడ నుంచి గాలి లాగుతూనే ఉంటుంది. పంపు లాగే వైపు డీజిల్ కారడం కనిపించదు, డీజిల్ బయటికి రావడానికి బదులు గాలి లోపలికి పోతుంది. రింగులన్నీ కొత్తవి వేసి, వేలితో కొద్దిగా డీజిల్ రాసి బిగించండి. గాజు గిన్నె ఉన్న రకమైతే అతిగా బిగిస్తే పగులుతుంది.

ఇక కాక్ తెరిచి, ఫిల్టర్ పైనున్న ఎయిర్ మర రెండు చుట్లు వదులు చేసి, లిఫ్ట్ పంపు పక్కనున్న చిన్న మీటను కొడుతూ ఉండండి. మీట వదులుగా ఆడుతూ ఏమీ తోడకపోతే పంపును నెట్టే క్యామ్ ఎత్తు మీద ఆగిందన్నమాట. ఇంజన్‌ను ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి. నురగ పోయి బుడగ లేని డీజిల్ వచ్చాక, మీట కొడుతూనే మర బిగించండి. తర్వాత ఇంజక్షన్ పంపు మీది మర దగ్గర ఇదే పని. కొత్త బేటా, ఇసుజు ఇంజన్లలో చాలావాటికి ఇక్కడితో అయిపోతుంది. మిగిలిన గాలి వాటంతటదే పోతుంది. పాత బీఎంసీ 1.5, 1.8 ఇంజన్లకు మాత్రం రెండు ఇంజక్టర్ల గొట్టాల నట్లు అరచుట్టు వదులు చేసి, అక్కడ డీజిల్ చిమ్మేదాకా సెల్ఫ్ కొట్టి బిగించాల్సి వస్తుంది. ఆ చిమ్మే డీజిల్‌కు చర్మంలోకి దూసుకుపోయేంత ఒత్తిడి ఉంటుంది. చేతులు దూరంగా ఉంచండి, కళ్లద్దాలు పెట్టుకోండి. సెల్ఫ్ ఒకసారికి పది సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో నిమిషం విరామం ఇవ్వండి.

జబ్బు నయమయ్యాక ట్యాంకు మూత రబ్బరు రింగు మార్చడం మరవకండి. ఆ మూత డెక్కుకు సమంగా ఉంటుంది, రింగు ఎండిపోతే వాననీళ్లు నేరుగా ట్యాంకులోకే దిగుతాయి. చలికాలమంతా ట్యాంకు నిండుగా ఉంచితే లోపలి గోడలకు చెమ్మ పట్టే చోటు తగ్గుతుంది.

ప్రశ్న: వెళ్తూ వెళ్తూ పడవ ఒక్కసారిగా బరువెక్కినట్టయింది. ఇంజన్ మోత పెరిగింది, నల్లపొగ వచ్చింది, ముందుకు మాత్రం కదలడం లేదు. ఇంజన్ పోయినట్టేనా?
పాఠకురాలు, బర్మింగ్‌హామ్

జవాబు: ఇంజన్ బాగానే ఉంది. ప్రొపెల్లర్‌కు ఏదో చుట్టుకుంది. నగరాల గుండా పోయే కాలువల్లో ప్లాస్టిక్ సంచులు, తాళ్లు, బట్టలు, ఒక్కోసారి తీగలు కూడా దొరుకుతాయి. ముందు ఒకసారి వెనక్కి గేరు వేసి చూడండి, ఆకులు అలములైతే విడిపోతాయి. పోకపోతే గట్టుకు కట్టేసి, ఇంజన్ ఆపి, తాళంచెవి మీ జేబులో వేసుకోండి. పడవలో ఇంకొకరుంటే ఇది మరీ ముఖ్యం.

ఇంజన్ వెనకాల, ప్రొపెల్లర్‌కు సరిగ్గా పైన వీడ్ హ్యాచ్ ఉంటుంది. బిగించిన కమ్మీ విప్పి మూత తీస్తే చెయ్యి నేరుగా ప్రొపెల్లర్‌కు తగులుతుంది. రంపపు పళ్లున్న కత్తి మెత్తటివాటికి, హ్యాక్సా బ్లేడు తీగలకు పనికొస్తాయి. చుట్టుకున్న దిశకు ఎదురుగా షాఫ్టును చేత్తో తిప్పుతూ కోస్తే సగం పని అదే అవుతుంది. చేతి తొడుగులు వేసుకోండి. కాలువ నీటిలో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ సోకే ప్రమాదం ఉంది. గాయాలుంటే కప్పుకోండి, పని అవగానే సబ్బుతో కడుక్కోండి.

మూత మళ్లీ బిగించడంలో మాత్రం తొందర పనికిరాదు. రబ్బరు అంచు శుభ్రంగా ఉందో లేదో చూసి, కమ్మీ పూర్తిగా బిగించి, నిదానంగా గేరు వేసి, అంచు చుట్టూ నీళ్లు చిమ్ముతున్నాయేమో కళ్లారా చూసి బయలుదేరండి. మూత వదులుగా ఉంటే ప్రొపెల్లర్ తిరిగేటప్పుడు నీళ్లు ఇంజన్ గదిలోకి ఎగజిమ్ముతాయి. పడవలు మునిగిపోవడానికి ఇదొక కారణం.

ప్రశ్న: ఆక్స్‌ఫర్డ్ కాలువలో తిరిగినంతకాలం ఇంజన్ వేడి 80 డిగ్రీల దగ్గరే ఉండేది. ఆక్స్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ నదిలోకి దిగి లెచ్‌లేడ్ వైపు ఎదురెక్కుతుంటే అరగంటలో 98కి పోయింది. వేగం తగ్గిస్తే దిగుతోంది. థర్మోస్టాట్ మార్చినా తేడా లేదు.
పాఠకురాలు, ఆక్స్‌ఫర్డ్

జవాబు: మీ ఇంజన్ కొత్తగా చెడిపోలేదు. కాలువలో బయటపడని లోపాన్ని నది బయటపెట్టింది. కాలువలో గంటకు మూడు మైళ్ల నడకకు ఇంజన్ తన శక్తిలో చిన్న భాగమే వాడుతుంది. ప్రవాహానికి ఎదురు వెళ్లాలంటే ఆర్‌పీఎం పెంచాలి, వేడి దానికి ఎన్నో రెట్లు పుడుతుంది.

ఈ పడవల్లో చాలావాటికి రేడియేటర్ ఉండదు. ఇంజన్ గది పక్కగోడకు లోపలి వైపు ఒక పలచటి ఇనుప పెట్టె వెల్డ్ చేసి ఉంటుంది. దాన్ని స్కిన్ ట్యాంక్ అంటారు. ఇంజన్ కూలెంట్ అందులోంచి తిరిగి, పడవ రేకు ద్వారా తన వేడిని కాలువ నీటికి ఇస్తుంది. వాడుకలో ఉన్న లెక్క ప్రతి 4 హార్స్‌పవర్‌కు బయటి నీటికి తగిలే ఒక చదరపు అడుగు. 38 హార్స్‌పవర్ ఇంజన్‌కు తొమ్మిదిన్నర చదరపు అడుగులు కావాలి. టేపు పట్టుకుని మీ ట్యాంకు కొలవండి. పడవ అడుగు బురదకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అడుగు రేకును లెక్కలో వేయకండి.

కొలత సరిపోయినా వేడెక్కుతుంటే ట్యాంకు పై భాగంలో గాలి చిక్కుకుని ఉండవచ్చు. ఇంజన్ వేడిగా నడుస్తున్నప్పుడు ట్యాంకును పై నుంచి కిందికి చేత్తో జాగ్రత్తగా తాకి చూడండి. పైన వేడిగా, కిందికి పోయేకొద్దీ చల్లబడుతూ ఉండాలి. పై అంచే చల్లగా ఉంటే అక్కడ గాలి ఉంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక, ట్యాంకు పైనున్న ఎయిర్ మరను కూలెంట్ కారేదాకా వదులు చేసి, బిగించి, పైన తగ్గినంత పోయండి. నీళ్లు కాచే సిలిండర్‌కు వెళ్లే గొట్టాలు ఇంజన్ కంటే ఎత్తులో ఉంటే వాటిలోనూ గాలి చేరుతుంది, అక్కడా చూడండి. కూలెంట్ సగం నీళ్లు, సగం యాంటీఫ్రీజ్ పాళ్లలో ఉండాలి. కూలెంట్ పోసే హెడర్ ట్యాంకును అంచుదాకా నింపకండి. వేడెక్కి వ్యాకోచించడానికి కొంత ఖాళీ కావాలి, లేకుంటే ప్రతిసారీ మూత నుంచి కక్కుతుంది. వేడి మీద ఆ మూత తీస్తే ముఖం కాలుతుంది.

ట్యాంకే చిన్నదైతే అటు పక్కన ఇంకోటి వెల్డ్ చేయించడమే శాశ్వత పరిష్కారం. దానికి పడవను నీటిలోంచి పైకి తీయాలి, కాబట్టి అడుగుకు తారు రంగు వేయించేటప్పుడు రెండూ కలిపి చేయించుకోండి. అప్పటిదాకా వేడి 90 దాటని వేగమే మీ వేగం. థేమ్స్ లాకుల (నీటిమట్టం మార్చి పడవలను ఎక్కించే, దించే గేట్ల తొట్ల) దగ్గర పసుపు, ఎరుపు బోర్డులు పెడతారు. ఎరుపు బోర్డు ఉంటే ప్రవాహం బలంగా ఉందని అర్థం. ఇలాంటి ఇంజన్‌తో పసుపు బోర్డు ఉన్నప్పుడు కూడా బయలుదేరొద్దనే మా సలహా. నదిలో ఇంజన్ ఆగితే కాలువలోలాగా గట్టుకు నెట్టుకుని నిలబడలేం. గొలుసూ తాడూ తగిలించిన లంగరు చేతికి అందేలా ఉండాలి.

ఇంకొక్క సంగతి. ఎదురెక్కుతూ క్రమంగా వేడెక్కితే వేగం తగ్గించి, గేరు తీసి, కొన్ని నిమిషాలు నిదానంగా తిరగనివ్వండి, కూలెంట్ తిరుగుతూ చల్లబరుస్తుంది. వేడి అలారమూ ఛార్జింగ్ ఎర్రదీపమూ ఒకేసారి వస్తే బెల్టు తెగినట్టు. వాటర్ పంపునూ, బ్యాటరీలను ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నూ తిప్పేది ఆ ఒక్క బెల్టే. అప్పుడు నిమిషం కూడా ఆలోచించకుండా ఆపేయాలి.

ప్రశ్న: మా ధవళేశ్వరం లాకుల్లోంచి ఒకప్పుడు పెద్ద సరుకు పడవలు పోయేవి. ఇంగ్లండ్‌లో మాత్రం 7 అడుగుల వెడల్పు లాకులెందుకు కట్టారు? అంత సన్నటి పడవలో ఇంజన్ ఎక్కడ పెడతారు?
పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: 1766లో పని మొదలైన ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ. దారిలో హేర్‌కాసిల్ కొండ కింద పొడవాటి సొరంగం తవ్వాలి. వెడల్పు పెరిగితే తవ్వే ఖర్చూ పెరుగుతుంది. లాకులను సుమారు 72 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పుతో ఖాయం చేశారు. ఆ కొలతే మధ్య ఇంగ్లండ్ కాలువలకు పాకింది. నీటి పొదుపూ ఉంది. సన్న లాకు ఒకసారి నిండి ఖాళీ కావడానికి లక్ష లీటర్లకు పైగా నీళ్లు కావాలి, వెడల్పు లాకుకు దానికి రెట్టింపు. ఆ కాలువల్లో కొండమీది భాగానికి జలాశయాల నుంచి తెచ్చిన నీళ్లే ఆధారం. మీ కాలువలకు 1847-52 మధ్య కాటన్ కట్టించిన ఆనకట్ట వెనక గోదావరే ఉంది, సాగుకూ రవాణాకూ కలిపి తవ్వినవి అవి.

నారోబోట్ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. ఇంజన్ దాదాపు ఎప్పుడూ వెనకే, అడుగుపలకల కింద ఉంటుంది. వెనక డెక్కు విశాలంగా తెరిచి ఉండే క్రూయిజర్ రకంలో నలుగురు నిలబడి మాట్లాడుకోవచ్చు కానీ వాన మొత్తం ఇంజన్ మీదికే. పలకల చుట్టూ ఉండే నీటి కాలవలు ఆకులతో పూడితే ఇంజన్ గదిలో నీళ్లు నిలుస్తాయి. సంప్రదాయ రకంలో ఇంజన్ పొడిగా ఉంటుంది, నడిపే మనిషికే చోటు.

ప్రశ్న: ఇద్దరం పడవ నుంచే ఆఫీసు పని చేస్తాం. 110 యాంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీలు నాలుగు. రోజూ రెండు గంటలు ఇంజన్ నడుపుతాం. ఏడాది కూడా కాలేదు, రాత్రి పదికల్లా ఇన్వర్టర్ అరుస్తోంది. బ్యాటరీలు నకిలీవా?
పాఠకుడు, రీడింగ్

జవాబు: నకిలీవి కాకపోవచ్చు. మీరు తీస్తున్నదానికీ వేస్తున్నదానికీ పొంతన లేదు. లెక్క చూడండి. 60 వాట్ల ల్యాప్‌టాప్ ఎనిమిది గంటలకు 480 వాట్ అవర్లు, 12 వోల్టుల దగ్గర 40 యాంపియర్ అవర్లు. ఇన్వర్టర్ నష్టం కలిపితే 45. రెండింటికి 90. ఫ్రిజ్ రోజుకు 45 దాకా తీసుకుంటుంది. రౌటర్, దీపాలు, నీళ్ల పంపు కలిపి 30 అనుకుందాం. మొత్తం 165. నాలుగు బ్యాటరీల 440లో సగానికి మించి తీయకూడదు కాబట్టి మీ దగ్గరున్నది 220. కాగితం మీద సరిపోతుంది. చిక్కంతా తిరిగి నింపడంలో ఉంది.

70 యాంపియర్ ఆల్టర్నేటర్ రెండు గంటల్లో 140 ఇస్తుందనుకోవడం పొరపాటు. లెడ్ బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడే గబగబా తాగుతుంది. 80 శాతం దాటాక కరెంటు పడిపోతుంది, చివరి 20 శాతానికి నాలుగైదు గంటలు పడుతుంది. మీ బ్యాటరీలు ఎప్పుడూ నూటికి నూరు నిండటం లేదు. అలా అరకొరగా ఉంచితే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి సామర్థ్యం నెలనెలా తరుగుతుంది. వారానికి ఒక్కరోజైనా ఎనిమిది గంటలు ఛార్జింగ్ అందాలి. ఆ రోజు ప్రయాణం పెట్టుకుంటే ఇంజన్‌కూ మంచిది. కట్టేసి ఉంచి గేరు లేకుండా నిదానంగా గంటలకొద్దీ తిప్పడం సిలిండర్ గోడలకు చెరుపు. తప్పనిసరైతే 1200 ఆర్‌పీఎంకు పైన తిప్పండి. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా కట్టేసిన పడవలో ఇంజన్ నడపకూడదు.

మీటరు పెట్టి చూడండి. నాలుగు గంటలు ఏ లోడూ లేకుండా ఉంచాక 12.7 వోల్టులుంటే నిండు, 12.2 ఉంటే సగం. ఇంజన్ నడుస్తూ గంటయ్యాక బ్యాటరీ మొలల దగ్గర 14.4 రావాలి. ఆల్టర్నేటర్ దగ్గర 14.4 ఉండి బ్యాటరీ దగ్గర 13.7 ఉంటే మధ్యలో ఛార్జింగ్‌ను బ్యాటరీలకు పంచే పాతకాలపు డయోడ్ స్ప్లిటర్ 0.7 వోల్టు తినేస్తోందని అర్థం. దాని బదులు వోల్టేజి తినని రిలే వేయించండి. ఆల్టర్నేటర్ చుట్టూ నల్లపొడి రాలుతుంటే బెల్టు జారుతోంది. రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే 10 నుంచి 12 మిల్లీమీటర్లు దిగాలి. నాలుగు బ్యాటరీల్లో ఒకటి చెడితే మిగతా మూడింటినీ అది పీల్చేస్తుంది. ఛార్జింగ్ అయ్యాక తీగలు విడదీసి, రాత్రంతా ఉంచి, విడివిడిగా కొలవండి. ఏది పడిపోయిందో తెలిసిపోతుంది.

లిథియం వేద్దామని మీకు తట్టే ఉంటుంది. మీ వాడకానికి అది సరైన దారే, కానీ నేరుగా తగిలించవద్దు. లిథియం నిండేదాకా ఆల్టర్నేటర్‌ను పూర్తిగా లాగుతుంది, తక్కువ ఆర్‌పీఎం దగ్గర దానికి గాలి సరిగా ఆడక కాలిపోతుంది. మధ్యలో 30 యాంపియర్లకు పరిమితం చేసే డీసీ ఛార్జర్ పెట్టించండి.

ప్రశ్న: ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి వెళ్లే చోట నీళ్లు బొట్టుబొట్టుగా కారుతున్నాయి. భయపడాలా?
పాఠకురాలు, లెస్టర్

జవాబు: ఇంజన్ నడుస్తున్నప్పుడు నిమిషానికి ఒకటి రెండు చుక్కలు పడటం మామూలే. షాఫ్టు చుట్టూ నీళ్లు రాకుండా గ్లాండ్ అనే బిగింపులో రోపు కూరి ఉంటుంది. పొలం మోటారు పంపుకు గ్లాండ్ రోపు ఎలా ఉంటుందో ఇదీ అంతే. మరీ పొడిగా ఉంటే షాఫ్టు అరుగుతుంది. రోజు ప్రయాణం అయ్యాక గ్రీజు డబ్బా పిడిని గట్టిపడేదాకా ఒకటి రెండు చుట్లు తిప్పితే చుక్కలు ఆగాలి. ఆగకపోతే గ్లాండ్‌కు రెండు పక్కలా ఉన్న నట్లను ఒక్కొక్క పలక మేర, రెండూ సమానంగా బిగించండి. ఒకవైపే బిగిస్తే గ్లాండ్ ఒరిగి షాఫ్టును కోస్తుంది. తర్వాత పది నిమిషాలు నడిపి చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉండవచ్చు, చురుక్కుమంటే వదులు చేయాలి.

బిగించడానికి నట్లలో చోటే మిగలకపోతే రోపు మార్చాలి. సందు కొలిచి అదే మందం రోపు తెచ్చి, ఏటవాలుగా కోసి, అతుకులు ఒకే వరుసలోకి రాకుండా మూడు నాలుగు చుట్లు వేస్తారు. పడవ నీటిలో ఉండగానే చేయవచ్చు కానీ పాత రోపు లాగగానే నీళ్లు వస్తాయి. మొదటిసారి మెకానిక్ పక్కనుండగా చేయండి. కొత్త రోపు వేసినా పదిరోజులకే కారుతుంటే తప్పు రోపుది కాదు. ఇంజన్ కింది రబ్బరు మౌంట్లు కూలబడి షాఫ్టు వంకర తిరుగుతోంది, అలైన్‌మెంట్ చూపించండి.

ఇంజన్ కింద చేరే నీళ్లలో నూనె ఉంటుంది. దాన్ని పంపుతో కాలువలోకి వదలొద్దు. నూనె పీల్చే గుడ్డలు వేసి, ఆ తర్వాతే నీళ్లు తోడండి.

ప్రశ్న: లాకు దగ్గర ఆపుదామని వెనక్కి గేరు వేస్తే పడలేదు. పడవ వెళ్లి గేటుకు తగిలింది. గేర్‌బాక్సు మార్చాలా?
పాఠకుడు, కొవెంట్రీ

జవాబు: గేర్‌బాక్సు దాకా వెళ్లకముందు కేబులు చూడండి. ఇంజన్ ఆపి, ఒకరు పైన హ్యాండిల్ ముందుకూ వెనక్కూ వేస్తుంటే మీరు కింద గేర్‌బాక్సు మీది చిన్న మీటను గమనించండి. అది రెండువైపులా పూర్తిగా కదలాలి. కదలకపోతే కేబులు తెగింది, లేదా దాన్ని పట్టి ఉంచే క్లాంపు జారింది. సగమే కదిలితే ఇంకా ప్రమాదం, గేరు సగం పట్టి క్లచ్ పలకలు కాలిపోతాయి.

మీట సరిగా కదులుతున్నా షాఫ్టు తిరగకపోతే గేర్‌బాక్సు ఆయిల్ కొలవండి. ఆయిల్ బాగుండి, గేరు లేనప్పుడు ఐడిల్‌లో గలగలమనే చప్పుడు వస్తుంటే ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్యనున్న డ్రైవ్ ప్లేట్ పోయింది. దానికి గేర్‌బాక్సు దించాల్సిందే, ప్లేటు ఖరీదు తక్కువ, కూలీ ఎక్కువ. షాఫ్టు తిరుగుతున్నా పడవ కదలకపోతే ప్రొపెల్లర్‌కు ఏదో చుట్టుకుంది, లేదా ప్రొపెల్లరే ఊడింది.

ఈ పడవలకు బ్రేకులు లేవు, వెనక్కి గేరే బ్రేకు. లాకు చేరడానికి చాలాముందే ఒకసారి వెనక్కి వేసి చూసుకోవడం అలవాటు చేసుకోండి. పడకపోతే నడిమి తాడు పట్టుకుని గట్టు మీదికి దిగి, పడవలు కట్టే కంబానికి ఒక చుట్టు వేసి నెమ్మదిగా వదులుతూ ఆపాలి. కాళ్లతో, చేతులతో అడ్డుపడకండి. పడవ బరువు టన్నుల్లో ఉంటుంది.

ప్రశ్న: వసంతంలో లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు గ్రాండ్ యూనియన్ కాలువ మీదుగా వెళ్దామనుకుంటున్నాం. ఎన్నాళ్లు పడుతుంది, ఏమేం పట్టుకెళ్లాలి?
పాఠకులు, హారో

జవాబు: 137 మైళ్లు, 166 లాకులు. మైళ్లూ లాకులూ కలిపి మూడుతో భాగిస్తే గంటలు వస్తాయి, అంటే దాదాపు 101. రోజుకు ఆరు గంటలు నడిపితే పదిహేడు రోజులు. బయలుదేరే ముందు దారిలో ఏ లాకైనా మరమ్మతుకు మూశారేమో ఈ కాలువల నిర్వహణ చూసే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ ప్రకటనల్లో చూడండి. పెద్ద మరమ్మతులు చలికాలంలోనే పెడతారు, కొన్ని ఆలస్యంగా ముగుస్తాయి. డీజిల్ గంటకు లీటరు నుంచి లీటరున్నర. కొనేటప్పుడు ప్రయాణానికి ఎంత, వెచ్చదనానికీ కరెంటుకూ ఎంత వాడతారో అడుగుతారు. ప్రయాణం భాగానికి పూర్తి సుంకం పడుతుంది, నిజం చెప్పండి.

రోజూ పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉండగా ఆయిల్, కూలెంట్, బెల్టు, అడుగున నీళ్లు చూడాలి. వారానికోసారి గేర్‌బాక్సు ఆయిల్, మొదటి ఫిల్టర్ అడుగు. పెట్టెలో మీ ఇంజన్‌కు సరిపడే బెల్టులు రెండు, డీజిల్ ఫిల్టర్లు రెండు రకాలూ రెండేసి, రబ్బరు రింగులు, ఆయిల్ ఐదు లీటర్లు, కూలెంట్ ఐదు లీటర్లు, గొట్టం క్లిప్పులు, గేరు కేబులు ఒకటి, ఫ్యూజులు, మీటరు. ఇంటర్నెట్‌లో ఇంజన్ పేరు చూసి బెల్టు కొనకండి, ఆల్టర్నేటర్ మార్చి ఉంటే పొడవు మారుతుంది. పాతదాని మీది నంబరు రాసుకుని కొనండి, కొన్నాక ఒకసారి తగిలించి చూడండి. బ్లిస్‌వర్త్ సొరంగం 2,800 మీటర్లు, లోపల నడవడానికి గట్టు లేదు. ముందుదీపం, టార్చీ సరిచూసుకుని, డీజిల్ ఫిల్టర్ మీద అనుమానమేదైనా ఉంటే సొరంగానికి ఇవతలే మార్చేయండి.

ప్రశ్న: మాకు స్థిరమైన రేవు లేదు, తిరుగుతూ ఉండే లైసెన్సు. ఇంజన్ పాడై విడిభాగం రావడానికి మూడు వారాలంటున్నారు. 14 రోజుల నిబంధన ఏమవుతుంది?
పాఠకుడు, లండన్

జవాబు: 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టమే దీనికి దారి ఇచ్చింది. ఒకేచోట 14 రోజులు, లేదా పరిస్థితిని బట్టి సమంజసమైనంత ఎక్కువ కాలం ఉండవచ్చు. ఇంజన్ చెడటం సమంజసమైన కారణమే. అయితే మీరు చెప్పకపోతే వాళ్లకు తెలియదు. పద్నాలుగో రోజు దాకా ఆగకుండా, చెడిన రోజే ట్రస్ట్‌కు రాయండి. పడవ నంబరు, ఆగిన చోటు, ఏం చెడింది, విడిభాగం ఆర్డరు రసీదు, మెకానిక్ ఇచ్చిన కాగితం జతచేయండి. ఎన్నాళ్లు కావాలో తేదీతో అడగండి, ఆ తేదీ జరిగితే మళ్లీ రాయండి. నీళ్ల కుళాయి దగ్గరో, లాకు ముందు ఆగే చోటో ఇంజన్ ఆగిపోయి ఉంటే తాడు కట్టి గట్టు మీద నుంచి లాగి, మామూలుగా కట్టేసుకునే చోటికి పడవను జరపండి. గాలి లేని రోజు చూసుకుంటే ఇద్దరు మనుషులు సరిపోతారు.